గేజ్ అబద్ధం చెప్పింది.. దాన్ని పెట్టింది నేనే!

మే నెల. మధ్యాహ్నం రెండు. సూర్యాపేటలో పెళ్లి భోజనం చేసి హైదరాబాద్ తిరిగొస్తున్నాం. నేను డ్రైవింగ్, వెనక సీట్లో అమ్మ. వంటలో ఉప్పు తగ్గిందన్న విషయం మీద ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది. చిట్యాల ఇంకొంచెం దూరం ఉందనగా ముందు ఓ లారీ. కుడి లేన్‌లోకి వచ్చి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కా. బండి ఒక్క ఊపు ఊపింది. లారీ సగం దాటాం.

అంతే. ఎవరో వెనక నుంచి తాడు పట్టి లాగినట్టు బండి ఆగిపోయినంత పనైంది. ఇంజిన్ నడుస్తోంది, కానీ పవర్ లేదు. తొక్కుతున్నా, ఏం రావట్లేదు. మీటర్‌లో పసుపు లైట్. ఎడమ పక్కన లారీ చక్రాలు, వెనక ఓ ప్రైవేట్ బస్సు. దాని హారన్ ఇప్పటికీ చెవుల్లో ఉంది. స్పీడ్ పడిపోతోంది, లారీ ముందుకెళ్తోంది. ఇండికేటర్ వేసి, లారీ వెనక సందు దొరకగానే దూరి, మెల్లగా రోడ్డు పక్కకి తీసుకొచ్చా.

అమ్మ అరవలేదు. అదే భయమేసింది. కొంచెంసేపయ్యాక, "నీ బండి మంచిగ లేదురా?" అంది. "ఏం లేదమ్మా, చిన్న సెన్సర్ ప్రాబ్లం" అన్నా.

అబద్ధం. ఆ బండిని నేనేం చేశానో ఇంట్లో ఎవరికీ తెలీదు.

నేనేం చేశానంటే..

కారు మా బాబాయిది. పాత తరం 1.3 లీటర్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ పేరు చెప్పను. చెప్తే మీరు కంపెనీని తిడతారు, తప్పు కంపెనీది కాదు. బాబాయి కొత్తది కొనుక్కుని దీన్ని నాకు తక్కువకే ఇచ్చాడు. ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ ఒక్క రోజు కూడా రోడ్డు మీద ఆగలేదు.

నా చేతికొచ్చాక రీల్స్ చూడటం మొదలెట్టా. మొదట ఎగ్జాస్ట్: టర్బో నుంచి కిందకి దిగే పైపు తీసేసి, క్యాటలిటిక్ కన్వర్టర్ లేని లావు పైపు వేయించా. తర్వాత రీమ్యాప్. అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చి డీజిల్ ఎక్కువ పోసేలా చేయడం. ఆ గ్యారేజ్‌లో చేసిన కుర్రాడు నా వయసువాడే. "అన్నా, ఈ మాత్రం చాలు" అన్నాడు. "ఇంకొంచెం పెంచు తమ్ముడూ" అన్నది నేనే. వాడు టర్బో మీదున్న చిన్న రాడ్‌ని రెండు మూడు చుట్లు తిప్పి ఇచ్చాడు. బండి ఎగిరింది. నేనూ ఎగిరా.

నాలుగు నెలల తర్వాత డ్యాష్‌బోర్డ్ మీద ఓ గుండ్రటి బూస్ట్ గేజ్ పెట్టుకున్నా. అది గ్యారేజ్‌లో కాదు. ఓ ఆదివారం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, ఆన్‌లైన్‌లో కొన్న కిట్‌తో, ఫోన్‌లో వీడియో చూస్తూ నేనే బిగించుకున్నా. రాత్రిపూట నీలం లైటులో ముల్లు లేస్తుంటే భలే ఉండేది.

గేజ్ సంగతి గుర్తు పెట్టుకోండి.

బూస్ట్ అంటే ఏంటి, ఎక్కువైతే ఏంటి?

టర్బో అంటే ఒకే ఇరుసుకి రెండు ఫ్యాన్లు అనుకోండి. పొగ గొట్టంలోకి వెళ్లే వేడి పొగ ఒక ఫ్యాన్‌ని తిప్పుతుంది. దాంతోపాటు రెండోది తిరిగి, బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. వృథాగా పోయే పొగతోనే పని చేయించాలన్న ఈ ఆలోచనకి స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. అలా మామూలు గాలి ఒత్తిడి కంటే ఎంత ఎక్కువగా నొక్కుతున్నామో అదే బూస్ట్.

ఇందులో ఓ చిక్కుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ పోయొచ్చు, డీజిల్ ఎక్కువైతే పొగ ఎక్కువ, పొగ ఎక్కువైతే టర్బో ఇంకా వేగం, ఇంకా గాలి. ఆపేవాడు లేకపోతే ఇది పెరుగుతూనే పోతుంది. చిన్న టర్బోలు నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరుగుతాయి. దానికి మించి తిప్పితే ఇరుసు, బేరింగ్, రెక్కలు ఏదో ఒకటి పోతుంది.

అందుకే వేస్ట్‌గేట్ ఉంటుంది. మన ఊరి చెరువుకి అలుగు ఉన్నట్టు. నీళ్లు ఒక మట్టం దాటితే అలుగు మీంచి పొర్లిపోతాయి, కట్ట నిలుస్తుంది. ఇక్కడ కూడా బూస్ట్ ఒక మట్టం దాటగానే చిన్న తలుపు తెరుచుకుని, కొంత పొగ ఫ్యాన్‌ని తాకకుండా పక్క నుంచి పోతుంది. ఆ తలుపుని తెరిచేది యాక్చువేటర్ అనే చిన్న డబ్బా. లోపల స్ప్రింగ్, రబ్బరు పొర, బయటికి ఓ రాడ్. ఆ డబ్బాకి టర్బో నుంచి ఓ సన్నటి గొట్టం వస్తుంది. "ఒత్తిడి ఇంతయింది" అని కబురు మోసుకొచ్చేది ఆ గొట్టమే. కబురు అందితే తలుపు తెరుచుకుంటుంది. అందకపోతే?

మా కారులో కంప్యూటర్‌కి బూస్ట్‌ని తగ్గించే చెయ్యి లేదు. చూసే కన్ను మాత్రం ఉంది, ప్రెజర్ సెన్సర్. ఒత్తిడి గీత దాటితే దానికి తెలిసిన వైద్యం ఒక్కటే: డీజిల్ కోసేసి, బండిని నీరసంగా నడపడం. దీన్నే లింప్ మోడ్ అంటారు. చిట్యాల దగ్గర జరిగింది అదే. కోడ్ పీ0234, అంటే ఓవర్‌బూస్ట్. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే బండి మామూలైపోయింది. అదే నన్ను ఇంకా మోసం చేసింది.

నా తప్పుల లిస్ట్

మొదటి తప్పు. ఆన్‌లైన్‌లో చదివి ప్రెజర్ సెన్సర్ మార్పించా. రెండున్నర వేలు. పది రోజులు బాగానే ఉంది. మళ్లీ లింప్.

రెండో తప్పు. ఇన్‌టేక్ అంతా విప్పి క్లీన్ చేయించా. మసి బాగానే వచ్చింది, చూసి సంతోషించా. నాలుగు వేలు. మళ్లీ లింప్.

మూడో తప్పు.. ఇది డబ్బు తప్పు కాదు. రీమ్యాప్ చేసిన గ్యారేజ్‌కి వెళ్లి గొడవ పెట్టుకున్నా. "మీ మ్యాప్ వల్ల మా అమ్మ చచ్చిపోయేది" అని నలుగురు కస్టమర్ల ముందు అరిచా. ఆ కుర్రాడు ల్యాప్‌టాప్ తెచ్చి, "అన్నా, మ్యాప్‌లో ఏం లేదు, ఒక్కసారి బండి చూడనీ" అన్నాడు. చూడనివ్వలేదు. ఓనర్ వాణ్ని నా ముందే తిట్టాడు. ఫ్రెండ్స్ గ్రూపులో కూడా ఆ గ్యారేజ్‌కి వెళ్లొద్దని రాశా. ఇద్దరు అక్కడ బుకింగ్ క్యాన్సిల్ చేసుకున్నారు.

నాలుగోది చేయబోయి ఆగిన తప్పు. ఓ ఫ్రెండ్ సలహా ఇచ్చాడు: "లింప్ మోడే ఆఫ్ చేయించెయ్ రా, ట్యూన్‌లో ఆ లిమిట్ తీసేస్తారు." వినడానికి ఎంత బాగుందో! అంటే ఇంట్లో పొగ వస్తుంటే అలారం బ్యాటరీ పీకేయమన్నట్టు. అప్పుడు నాకది తట్టలేదు. రేటు కూడా కనుక్కున్నా. ఆదివారం అపాయింట్‌మెంట్.

శనివారం ఆఫీస్‌లో ఓ సీనియర్‌తో ఇదంతా చెప్తే, "ముందు ఆటోనగర్‌లో మా చాచాకి చూపించు, తర్వాత నీ ఇష్టం" అన్నాడు.

"చివరికి ఏం ముట్టినవ్?"

చాచా షెడ్ చిన్నది. పైన రేకులు, గోడకి వేలాడే పాత టర్బోలు. అరవై దాటిన మనిషి. లారీల టర్బోలు విప్పి విప్పి వేలిగోళ్లు శాశ్వతంగా నల్లబడ్డాయి. నేను కథంతా చెప్పా. ఆయన మధ్యలో ఆపలేదు. చివర్లో ఒకే ప్రశ్న.

"ఇది షురూ అయ్యే ముందు, చివరికి ఏం ముట్టినవ్ బేటా?"

"రీమ్యాప్, చాచా."

"అది ఎన్నడు?"

"ఆరేడు నెలలైంది."

"ప్రాబ్లం ఎన్నడు షురూ అయింది?"

"ఈమధ్యే.. నెలన్నర."

ఆయన నా వైపు చూసి ఊరుకున్నాడు. మధ్యలో ఇంకేదో ఉండాలని ఆయనకి తెలుసు. నాకు మాత్రం గేజ్ గుర్తే రాలేదు. నా లెక్కలో గేజ్ మార్పు కాదు, ఊరికే చూసేది. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా పాడైతే చివర మార్చింది ఏంటో ముందు చూడమని జూనియర్లకి రోజూ చెప్పేది నేనే!

చాచా చెప్పిన మొదటి పాఠం: "బూస్ట్ ఎక్కువైంది" అనేది జబ్బు పేరు కాదు, జ్వరం లాంటిది. జ్వరం ఎలా వస్తుందో చూడాలి. మూడు రకాలట.

ఒకటి, తొక్కగానే ఒక్కసారి ఎగిరి వెంటనే సర్దుకోవడం. ఇది స్పైక్. తలుపు తెరుచుకోవడం ఆలస్యమవుతోంది. యాక్చువేటర్ రాడ్ బిగుతు, లేదా బూస్ట్‌ని సోలెనాయిడ్ నడిపే కార్లలో దాని సెట్టింగ్ చూడాలి.

రెండు, ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ మెల్లగా ఎక్కుతూ పోవడం. ఇది క్రీప్. తలుపు పూర్తిగా తెరిచినా పొగ మొత్తం పక్కకి పోలేకపోతోంది. లావు ఎగ్జాస్ట్ వేసిన బండ్లలో కనపడేది ఇదే. అలుగు చిన్నది, వరద పెద్దది.

మూడు, ఎక్కడా ఆగకుండా నేరుగా పైకి పోవడం. తలుపు అసలు తెరుచుకోవట్లేదు, లేదా చాలా ఆలస్యంగా తెరుచుకుంటోంది. గొట్టం ఊడిందా, చిరిగిందా, డబ్బాలో పొర పగిలిందా, తలుపు తుప్పు పట్టి ఇరుక్కుందా.. వీటిలో ఏదో ఒకటి.

"ఏ రకమో తెలవకుండ పార్టులు మారిస్తే, అది రిపేర్ కాదు బేటా, లాటరీ" అన్నాడు.

ఒక్కొక్కటీ చూసుకుంటూ..

ముందు సెన్సర్. ఓబీడీ అడాప్టర్ పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేయమన్నాడు. యాప్‌లో 95 కిలోపాస్కల్ చూపించింది. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి దాదాపు 101. హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 95 దగ్గర ఉండాలి. అంటే సెన్సర్ నిజమే చెప్తోంది. డిక్కీలో పడున్న పాత సెన్సర్ తెచ్చి తగిలించా. అదీ 95. రెండున్నర వేలు ఖర్చు పెట్టి తెలుసుకోలేనిది, పైసా ఖర్చు లేకుండా నిమిషంలో తెలిసింది.

ఇక్కడే ఇంకో విషయం. నా ఫోన్‌లో ఉన్న పాత రికార్డ్ చూపించా. లింప్ అయిన రోజు ఒత్తిడి 255 దగ్గర గీత గీసినట్టు ఆగింది. "చూశారా, 255 దగ్గర నిలబడింది" అన్నా. అన్నాక నాకే వెలిగింది. మామూలు ఓబీడీ రీడింగ్‌లో ఈ విలువని ఒక్క బైట్‌లో పంపిస్తారు. ఒక బైట్‌లో పట్టే పెద్ద సంఖ్య 255. అది బూస్ట్ ఆగిన చోటు కాదు, అంకె ఆగిన చోటు. అసలు ఒత్తిడి ఇంకెంత పైకి వెళ్లిందో ఎవరికి తెలుసు? నా కడుపులో ఏదో తిరిగింది.

తర్వాత యాక్చువేటర్. గొట్టాన్ని డబ్బా దగ్గర ఊడదీసి, మీటర్ ఉన్న చేతి పంపు తగిలించాడు. "పంక్చర్ షాపు గాలి పెట్టకు, పొర చినుగుతది" అని ముందే చెప్పాడు. మెల్లగా కొట్టాడు. ఒక బార్ దగ్గర కదలాల్సిన రాడ్ 1.15 దాకా కదల్లేదు. "ఎవరో రాడ్ పొట్టి చేసిన్రు." నేను నేల చూపులు చూశా. కానీ ఒత్తిడి అలాగే నిలబడింది, పడిపోలేదు. అంటే పొర మంచిదే. రాడ్ విప్పి తలుపుని చేత్తో తిప్పితే ఫ్రీగానే తిరిగింది. ఇరుక్కోలేదు.

రాడ్ పొట్టిగా ఉంటే బూస్ట్ ఎక్కువ ఉంటుంది, నిజమే. కానీ అలాగైతే ఆరు నెలల క్రితం నుంచే ప్రాబ్లం ఉండాలి కదా? చాచాకి ఈ జవాబు సరిపోలేదు. అన్నీ మళ్లీ బిగించి, "పా, రోడ్డు మీద అడుగుదాం" అన్నాడు.

చల్లగా ఉంటే నిజం, వేడెక్కితే అబద్ధం

మర్నాడు పొద్దున్నే, ట్రాఫిక్ లేని రోడ్డు. చాచా డ్రైవింగ్. నేను పక్కన ఫోన్ పట్టుకుని. ఆదివారం కదా, నా ఇంకో అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసుకున్నా. మూడో గేర్‌లో, తక్కువ స్పీడ్ నుంచి ఒక్కసారి పూర్తిగా తొక్కాడు. యాప్‌లో 225. అందులోంచి మామూలు గాలి 95 తీసేస్తే 130, అంటే 1.3 బార్. నా గేజ్ కూడా 1.3 చూపించింది. రెండూ కలిశాయి. లైట్ రాలేదు.

"ఏం లేదు కదా చాచా?" అన్నా, కొంచెం నిరాశగా.

"నీకు ప్రాబ్లం ఎప్పుడొచ్చింది? ఎండల, దూరం పోయినంక. మరి చల్లటి బండిని అడిగితే ఏం చెప్తది?"

నలభై నిమిషాలు తిప్పాం. హయత్‌నగర్ దాటి వెళ్లి, తిరిగొచ్చాం. ఇంజిన్ బాగా వేడెక్కాక మళ్లీ అదే రోడ్డు, అదే గేర్. తొక్కాడు. యాప్‌లో అంకెలు 230, 240, 250.. ఆయన కాలు తీసేశాడు. నేను గేజ్ చూశా. 1.1.

"చాచా, బూస్ట్ తగ్గింది! గేజ్‌లో 1.1 ఏ ఉంది."

"ఫోన్‌ల?"

"250. అంటే.. 1.55."

ఆయన బండి పక్కకి ఆపాడు. "ఆ గేజ్‌కు గాలి ఏడికెళ్లి తీసినవ్?"

అప్పుడు గుర్తొచ్చింది. టర్బో నుంచి యాక్చువేటర్‌కి వెళ్లే ఆ సన్నటి గొట్టాన్ని కోసి, మధ్యలో కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్ టీ జాయింట్ పెట్టి, అక్కడి నుంచి గేజ్‌కి లైన్ లాగా. నీట్‌గా కనపడాలని మొత్తానికి నల్ల తొడుగు వేశా. అందుకే షెడ్‌లో చాచా కంటికి కూడా అది కంపెనీ గొట్టంలానే కనపడింది.

ఆయన లెక్క చెప్పాడు. గాలి ముందు టర్బో దగ్గర నొక్కుకుని, తర్వాత పైపుల గుండా ఇంజిన్‌లోకి వెళ్తుంది. దారిలో కొంచెం ఒత్తిడి తగ్గొచ్చు. కాబట్టి టర్బో దగ్గర తీసిన గేజ్, ఇంజిన్ దగ్గరున్న సెన్సర్ కంటే కొంచెం ఎక్కువ చూపాలి, లేదా సమానంగా చూపాలి. తక్కువ చూపిస్తోందంటే ఒకటే అర్థం: గేజ్ లైన్‌లోనే గాలి కారిపోతోంది.

గేజ్ లైన్, యాక్చువేటర్ లైన్ ఒకటే.

బానెట్ ఎత్తి, వేడి కొంచెం తగ్గాక తొడుగు కోశాడు. టీ జాయింట్ దగ్గర కిట్ గొట్టం ఎండిన చిక్కుడు కాయలా బిరుసెక్కి, క్లిప్ కింద నిలువునా చీలింది. చల్లగా ఉన్నప్పుడు చీలిక మూసుకుపోయి ఉంటుంది. ఎగ్జాస్ట్ వేడికి మెత్తబడి, లోపల ఒత్తిడి పెరగ్గానే నోరు తెరుస్తుంది. సబ్బు నీళ్లు పోసి చేతి పంపు కొడితే బుడగలు బుస్సుమని వచ్చాయి.

అంటే ఏం జరిగిందంటే.. అసలు ఒత్తిడి 1.5 దాటినా, చీలిక వల్ల యాక్చువేటర్‌కి అందింది 1.1 కబురే. పొట్టి చేసిన రాడ్ కదలడానికి అదీ చాలలేదు. అలుగు తెరుచుకోలేదు. వరద ఆగలేదు. అదే 1.1 గేజ్‌కి కూడా వెళ్లి "అంతా బాగుంది బాస్" అని నీలం లైటులో నాకు చెప్పింది. బూస్ట్ మీద నిఘా పెడదామని నేను తెచ్చిన గేజే బూస్ట్‌ని పెంచింది. పైగా దాచింది.

ఈ పరిస్థితిలో నేను లింప్ మోడ్ తీయించి ఉంటే? బండి ఎక్కడా ఆగేది కాదు, గేజ్ కూడా ఏం చెప్పేది కాదు. టర్బో పోయేది. డీజిల్ బండిలో టర్బో పోతే ఒక్కోసారి ఇంకా ఘోరం: సీల్ పోయి ఇంజిన్ ఆయిల్ గాలితోపాటు లోపలికి వెళ్తే, ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా కాల్చుకుంటుంది. కీ తీసేసినా ఆగదు. దాన్ని రన్‌అవే అంటారు. వెనక సీట్లో అమ్మ ఉండగా, హైవే మీద.

నేను అప్పటిదాకా విసుక్కున్న ఆ పసుపు లైటే మమ్మల్ని కాపాడింది.

బాగు చేశాక కూడా..

వేడికి తట్టుకునే కొత్త గొట్టం, ఒకే ముక్క, మధ్యలో జాయింట్ లేకుండా, రెండు చివరలా సరైన క్లిప్‌లు. గొట్టం ఖరీదు అరవై రూపాయలు. చాచా టెస్టింగ్‌తో కలిపి ఎనిమిది వందలు తీసుకున్నాడు.

అక్కడితో ఆపలేదు ఆయన. మళ్లీ నలభై నిమిషాలు వేడెక్కించి మళ్లీ పరీక్ష. ఈసారి 225 దగ్గర నిలిచింది. కానీ ఇంజిన్ 4,000 చుట్ల వైపు వెళ్తుంటే మెల్లగా 235 దాకా పాకింది. అదే క్రీప్, లావు పైపు ప్రభావం. రాడ్‌ని మళ్లీ పొడుగు చేసి, పంపు పెట్టి ఒక బార్ దగ్గర కదిలేలా సెట్ చేశాడు. మొత్తం గీత కిందకి దిగింది. చివర్లో పాకడం మాత్రం అలాగే కొంచెం మిగిలింది.

"ఒక్క తప్పైతే బండి ఓర్చుకుంటది బేటా. రాడ్ కొంత తిన్నది, పైపు కొంత తిన్నది. గొట్టం చినిగేసరికి తినెతందుకు ఏం మిగల్లే."

ఆ వారమే పాత పైపు వెతికి, క్యాటలిటిక్ కన్వర్టర్‌తో సహా వెనక్కి పెట్టించా. క్రీప్ పోయింది. ఇంకో కారణం కూడా ఉంది. తయారీ సంస్థ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెప్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట స్పష్టం చేసింది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. రీల్స్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. రీమ్యాప్ కూడా తీయించేయాలని నిర్ణయించుకున్నా. అది తీయాలంటే పెట్టినచోటికే వెళ్లాలి.

మీలో ఎవరిదైనా ఇలాంటి బండి అయితే నాలుగు మాటలు. లైట్ వచ్చాక మళ్లీ గట్టిగా తొక్కి చూడకండి, మెల్లగా ఇంటికి తెచ్చుకోండి. పార్టు కొనేముందు కీ ఆన్ చేసి సెన్సర్‌ని అడగండి. గేజ్ ఒక్కదాన్నే నమ్మకండి, ఫోన్‌లో అంకెతో పోల్చండి. యాప్ మామూలు గాలిని కూడా కలిపి చూపిస్తుంది, గేజ్ కలపదని గుర్తుంచుకోండి. వేస్ట్‌గేట్ గొట్టంలోంచి ఇంకో దానికి గాలి తీయకండి. పెట్రోల్ టర్బో అయితే ఇంకా జాగ్రత్త. అక్కడ బూస్ట్ ఎక్కువైతే ఇంధనం వేళ కాని వేళ పేలి, పిస్టన్లే పగలొచ్చు.

చివరి పార్టు

గ్యారేజ్‌కి వెళ్లడానికి మూడు రోజులు పట్టింది. దూరం కాదు, మొహం చెల్లలేదు. చీలిన గొట్టం ముక్క జేబులో పెట్టుకుని వెళ్లా. ఆ కుర్రాడు నన్ను చూడగానే లోపలికి వెళ్లబోయాడు. "తమ్ముడూ, ఒక్క నిమిషం" అని గొట్టం చేతిలో పెట్టి, జరిగింది చెప్పా. ఓనర్ ముందే చెప్పా. నలుగురి ముందు తిట్టాను కాబట్టి సారీ కూడా నలుగురి ముందే చెప్పాలనిపించింది.

వాడు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ రోజు బానెట్ ఎత్తనిచ్చుంటే నేనే పట్టేవాణ్ణి అన్నా" అన్నాడు. పట్టేవాడో లేదో నాకు తెలీదు. కానీ ఎత్తనివ్వనిది నేనే. తర్వాత వాడే ఇంకో మాట అన్నాడు, "రాడ్ విషయంలో నేను కూడా నో చెప్పాల్సింది." ల్యాప్‌టాప్ తెచ్చి కంపెనీ మ్యాప్ మళ్లీ ఎక్కించాడు. డబ్బులు తీసుకోనన్నాడు, బలవంతంగా ఇచ్చా. ఫ్రెండ్స్ గ్రూపులో కూడా తప్పు నాదేనని రాశా. క్యాన్సిల్ చేసుకున్న ఇద్దరిలో ఒకడు మళ్లీ వెళ్లాడు. ఇంకొకడు వేరేచోట చేయించేసుకున్నాడు. అది ఇక నేను సరిచేయలేను.

అమ్మకి కూడా చెప్పా. టర్బో, వేస్ట్‌గేట్ అంతా కాదు. "సెన్సర్ కాదమ్మా. బండిని నేనే పాడు చేశా, ఇప్పుడు బాగైంది" అని. ఆమె కూరగాయలు తరుగుతూ, "నాకు తెల్సు. బాబాయి దగ్గర ఆ బండి ఎన్నడన్న గట్ల చేసిందా?" అంది.

దసరాకి మళ్లీ సూర్యాపేట వెళ్లాం. అదే రోడ్డు, అలాంటిదే లారీ. అద్దంలో వెనక చూసి, దూరం చూసుకుని, మెల్లగా తొక్కి దాటా. బండి ఎగరలేదు. దాటింది. డ్యాష్‌బోర్డ్ మీద గేజ్ ఉన్నచోట ఇప్పుడు ఓ గుండ్రటి రంధ్రం ఉంది. అమ్మ అందులో చిన్న వినాయకుడి బొమ్మ పెట్టింది. ఆయన ఏ అంకె చూపించడు. అబద్ధం కూడా చెప్పడు.